రెండో పిడి

రండి, దగ్గరగా జరిగి కూర్చోండి. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మగారూ, మీరూ లోపలికి రండి, చోటుంది. దేవుణ్ణి తలుచుకుని మొదలుపెడుతున్నాను, ఇది తలెత్తుకుని చెప్పుకోవలసిన కథ.

అమెరికాలో మిన్నెసోటా అని చలిరాష్ట్రం. అక్కడొక క్రైస్తవ మఠం, మఠానికి ఒక బడి. ఆ బడిలో ఆంబ్రోస్ అనే సన్యాసి సంగీతం నేర్పేవారు. పిల్లలంతా ఆయన్ని బ్రదర్ అని పిలిచేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న నలుగురు, మఠానికి ఉత్తరాన ఉన్న గడ్డికొట్టంలో సాధన చేసి బ్యాండు కట్టారు. ఆ కొట్టం పేరే బ్యాండుకీ పెట్టుకున్నారు: నార్త్ బార్న్.

వాళ్లది ఆల్టర్నేటివ్ రాక్. అంటే, రేడియోలో రోజంతా మోగే పాటల దారి కాదు, తమకు తోచిన దారి. మొదట్లో కాలేజీ రేడియోలు తప్ప వాళ్ల పాట ఎవరూ వేయలేదు. పాత వ్యానులో ఊరూరూ తిరిగారు. ఒక ఊళ్లో పదకొండుమంది వచ్చారు, అందులో ఇద్దరు వానకి ఆగినవాళ్లు. అయినా ఒక్క పాట తగ్గించలేదు. బ్యాండు కట్టిన ఎనిమిదో ఏట వాళ్ల మూడో ఆల్బమ్ దేశమంతా మోగింది. ఆ తర్వాత ఎంత పెద్ద మైదానమైనా నిండిపోయేది.

ఇరవయ్యో ఏట, తాము చదివిన బడి హాల్లో పాడటానికి వచ్చారు. ముగ్గురు వ్యానులో వచ్చారు. పాడేవాడు కార్విన్ మాత్రం విడిగా కారులో దిగాడు.

బేస్ గిటారు వాయించే ఇంగ్రిడ్ చూసి, "మహారాజుగారి పల్లకీ వచ్చింది, దారివ్వండి," అంది. కార్విన్ నవ్వలేదు.

ఆ సాయంత్రం వేదిక మీదే, బ్యాండు వదిలేస్తున్నానని చెప్పాలనుకున్నాడు. అతనొక్కడి పేరుతోనే ఆల్బమ్ చేద్దామని ఒక పెద్ద కంపెనీ కబురు పెట్టింది. ముందు గురువుగారి దీవెన తీసుకుందామని తిన్నగా ఆయన దగ్గరికి వెళ్లాడు. పాటలు రాసేది తను, గొంతు తనది, జనం వచ్చేది తనని చూడటానికి, ఇవన్నీ చెప్పుకొచ్చి చివరికి అడిగాడు.

"వాళ్లు లేకపోతే నాకు తక్కువయ్యేదేమిటి, బ్రదర్?"

ఎనభై దాటిన ఆంబ్రోస్ వ్యాను వెనకవైపు నడిచారు. ఇంగ్రిడ్ స్పీకరు పెట్టె అక్కడ దింపి ఉంది. నడుమెత్తు పెట్టె, రెండు పక్కలా రెండు పిడులు. ఆయన ఒక పిడి పట్టుకుని లేపారు.

మోయడానికి మనుషులున్నారు, మీరు వదిలేయండి అని కార్విన్ బతిమాలాడు. ఆయన వదల్లేదు. పెట్టె ఒక పక్కకి ఒరిగింది. కార్విన్ పరుగున వెళ్లి రెండో పిడి పట్టుకున్నాడు.

హాలుకి పద్నాలుగు మెట్లు. పైవైపు కార్విన్, వెనక్కి నడుస్తూ. కిందివైపు గురువు. మూడో మెట్టు మీద ఆయన అడుగు తడబడింది. ఇంగ్రిడ్ ఎప్పుడు వచ్చిందో, ఆయన చేతికింద చెయ్యి పెట్టి ఆ పిడి తను అందుకుంది.

"మెట్టు," అంది. "మెట్టు. ఇంకోటి. ఆగు, గడప. ఇప్పుడు ఎడమకి."

పాత వ్యాను రోజుల్లో ప్రతి ఊళ్లోనూ కార్విన్ విన్న గొంతే అది.

పెట్టె వేదిక మీద దించారు. ఆంబ్రోస్ మెల్లగా వెనకే వచ్చారు.

"వెనక్కి నడిచావు కదా నాయనా, మెట్లు కనిపించాయా?"

"లేదు బ్రదర్. ఇంగ్రిడ్ చెప్పింది."

"సరే. ఇందాక ఏదో అడిగావు. మళ్లీ అడుగు."

కార్విన్ ఆ పిడివైపు చూస్తూ నిలబడ్డాడు. అడగలేదు.

సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. కార్విన్ మైకు ముందుకొచ్చి ఒక్క మాటే అన్నాడు: "మేము నార్త్ బార్న్." గోడలు అదిరేలా చప్పట్లు. ముందు వరుసలో ముసలి గురువు నిటారుగా కూర్చుని ఉన్నారు, రాజ్యం గెలిచినవాడిలా.

పాటలయ్యాక ఆ పెట్టెని దించింది కూడా వాళ్లిద్దరే. ఈసారి వెనక్కి నడిచింది ఇంగ్రిడ్. మెట్లు చెప్పింది కార్విన్.

ఇంత విన్నారు కదా, ఒక్క పని గుర్తుంచుకుని ఇళ్లకి వెళ్లండి. ఎవరైనా బరువుకి ఒక పక్క పట్టుకుని కనిపిస్తే, పిలిచేదాకా ఆగకండి. వెళ్లి రెండో పిడి పట్టుకోండి.