గంగాళం మీద కూర్చున్న అమ్మ

గవరమ్మకి ఆపరేషనైంది. ఏం ఆపరేషనో లోకానికి తెలీదు. వచ్చిన చిక్కల్లా అదే.

బొబ్బిలి దాటాక కొండ వారన ఓ చిన్న మఠం ఉండేది. గురువు పోలమాంబ, ఎండు పుల్లలాంటి ముసలావిడ. అందరికీ అమ్మ. "ఈ దేహం నేను కాదు" అన్నది ఆవిడ దగ్గర మొదటి పాఠం. మొగుడు పోయాక మఠంలో చేరిన గవరమ్మ ఆ పాఠాన్ని అందరికంటే గట్టిగా పట్టుకుంది. పట్టుకోదూ మరి! పిల్లల్ని కని, పచ్చి బాలింతగా వరి మోపులు మోసిన ఒళ్ళది. కింద ఏదో జారి బయటికొస్తుంటే చేత్తో లోపలికి నెట్టుకుని, పాతగుడ్డ బిగించుకుని, "దేహం నేను కాదు" అనుకుంటూ మఠం నీళ్ళన్నీ తనే మోసేది.

భజనలో ఆమె కుదురుగా కూర్చోలేకపోవడం అమ్మ కనిపెట్టింది. పక్కకి పిలిచి సంగతి రాబట్టి, పెద్దాసుపత్రికి పంపింది.

"యోని గోడలు వదులై జారిపోయాయమ్మా. లోపల సరిచేసి కుట్లేస్తాం" అంది డాక్టరమ్మ, పంటి నొప్పి గురించి చెప్పినంత మామూలుగా. గవరమ్మ తల దించుకుంది.

వార్డులో పక్క మంచాల దగ్గర అక్కచెల్లెళ్ళూ, అన్నం క్యారేజీలూ. గవరమ్మ దగ్గర ఎవరూ లేరు. ఎవర్ని రమ్మంటుంది? ఏమని చెప్పి రమ్మంటుంది? కోడళ్ళకి కూడా కబురు పెట్టలేదాయె. మూత్రం గొట్టం తీసిన రోజు నర్సమ్మ చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపిస్తే, ఆ చెయ్యి వదలబుద్ధి కాలేదు. మంచమెక్కి గోడవైపు తిరిగి ఏడ్చింది. అంత ఒంటరితనం మొగుడు పోయిన నాడు కూడా ఎరగదు.

"మూణ్ణెల్లు బరువెత్తకు. నీళ్ళబిందె కూడా ఎత్తకు. ఎత్తావో, మళ్ళీ జారుతుంది" అని మరీ మరీ చెప్పి పంపారు.

మఠానికొచ్చి, "కడుపులో గడ్డ తీశారు" అంది. అందరూ పనుల్లో ఉంటే తను వసారాలో చాప మీద పడుకునేది. వంటింట్లో నవ్వులు వినపడేవి. రాన్రానూ పలకరించేవాళ్ళు కూడా తగ్గిపోయారు.

మూణ్ణెల్లు నిండకుండానే గురుపూజ రోజొచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలొచ్చాయి. పందిట్లో విస్తళ్ళు వేశారు. వంటింట్లోంచి పులిహోర గంగాళం ఎత్తాలి. ఓ పక్క కడియం మఠంలో వంట చూసుకునే అప్పలనరస పట్టుకుంది. రెండో పక్క ఎప్పుడూ గవరమ్మదే.

"గడ్డ తీయించుకున్న మా మరిది నెల తిరక్కుండా బస్తాలు మోసాడమ్మా" అంది అప్పలనరస, నలుగురూ వినేలా. "కొందరికి చాప అలవాటైతే మరి లెగరు."

గవరమ్మకి ఒళ్ళు మండింది. విసురుగా లేచొచ్చింది. ఈ దేహం నేను కాదు, పోతే పోయింది అనుకుని గంగాళం కడియం పట్టుకుంది.

ఎక్కణ్ణుంచి వచ్చిందో అమ్మ, వచ్చి గంగాళం మూత మీద చతికిలబడింది.

"ఓలమ్మో! దిగండమ్మా, జనం ఆకలి మీదున్నారు" అంది అప్పలనరస.

అమ్మ ఆమెకేసి చూడలేదు. "ఎత్తవే గవరీ" అంది. "నాతో సహా ఎత్తు."

గవరమ్మ గొంతు తగ్గించింది. "ఎత్తకూడదని మీకు తెలుసు కదమ్మా."

"నాకు తెలుసు. ఈళ్ళకి తెలుసా?"

"ఎలా చెప్పనమ్మా? సిగ్గు."

"దేహం నువ్వు కాదు కదే" అంది అమ్మ మెల్లిగా. "మరి సిగ్గెవలిదే?"

గవరమ్మ కడియం వదిలేసింది. తల ఎత్తకుండానే చెప్పింది. గడ్డ కాదంది. కింద జారిపోయిందంది. ఇన్నేళ్ళూ గుడ్డ కట్టుకు తిరిగానంది. కుట్లేశారంది.

వంటింట్లో ఎవరూ నవ్వలేదు.

అప్పలనరస ఇంకా తన పక్క కడియం పట్టుకునే ఉంది. నెమ్మదిగా తనూ వదిలేసింది.

"దానికి వైద్దిం ఉంటాదా, ఒదినా?" అంది. పక్కనున్నవాళ్ళకి కూడా సరిగ్గా వినపడలేదు.

అమ్మ మూత మీంచి దిగింది. గుమ్మంలోకెళ్ళి పందిట్లోకి కేకేసింది.

"ఇస్తళ్ళ ముందు కూకున్న మగోళ్ళంతా లెగండి. గంగాళం మీరు మొయ్యాల."