రాజుగారి నెత్తిమీద కంతి

చింతలదుర్గం ఏలే బసవభూపతికి నలభయ్యో ఏట, తలంటు పోసుకుంటుండగా, నెత్తిమీద ఉసిరికాయంత కంతి ఒకటి చేతికి తగిలింది. అన్నాళ్ళూ దాన్ని ఒత్తయిన జుట్టూ, పైన తలపాగా దాచాయి. ఇప్పుడు జుట్టు పలచబడింది. రాజుగారు హడలిపోయి మంగలి కోటప్పను పిలిపించారు.

కోటప్ప వేళ్ళతో తడిమి చూశాడు.

"పుట్టుకతో వచ్చిందే ప్రభూ. తమకు పుట్టువెంట్రుకలు తీసినప్పుడే మా అయ్య దీన్ని చూశాడట. అప్పుడు పెసరగింజంత ఉండేదట. తమతోపాటే అదీ పెరిగింది. దానివల్ల ఏ హానీ లేదు."

రాజుకు భయం పోయింది గానీ మనసు చిన్నబోయింది. ఇంతటి ప్రభువు తలమీద ఉన్నది ఒట్టి కంతేనా? వెంటనే రాజవైద్యుడు శరభాచారికి కబురు వెళ్ళింది.

శరభాచారి నాడి పట్టుకునేది పేరుకే. రాజు ముఖం చూస్తే చాలు, ఏం చెబితే సంతోషిస్తారో ఆయనకు తెలిసిపోతుంది. అది శిరోరత్నమన్నాడు. చక్రవర్తులకూ మహాజ్ఞానులకూ మాత్రమే చర్మం కింద మణి మొలుస్తుందన్నాడు. పుట్టుకతో వచ్చిందన్నది పచ్చి అబద్ధమనీ, తాను మూడు నెలలుగా తినిపిస్తున్న లేహ్యంవల్లే మొలిచిందనీ చెప్పాడు. లేహ్యం తిని తనకూ ఒకటి మొలిచిందంటూ జుట్టుముడి విప్పి చూపించాడు. నిజంగానే ఉంది. ఇన్నేళ్ళూ దాన్ని ముడి కింద దాచుకోవడానికి ఆయన పడిన పాట్లు కోటప్పకొక్కడికే తెలుసు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మణిని కంతి అన్న మంగలికి కుడిచెయ్యి నరికించాలని కూడా సలహా ఇచ్చాడు. రాజుగారు సరేనని, పున్నమినాడు శిక్ష అన్నారు. కత్తి పట్టే చెయ్యి పోతే కోటప్ప ఇంట్లో పొయ్యి వెలగదు. అతనికి భయం వేసింది. భయంకన్నా ఒళ్ళుమంట ఎక్కువైంది.

ఈలోగా, శిరోరత్నం ఉన్నవాళ్ళు సభలో ముందు వరుసలో కూర్చోవచ్చని చాటింపు వేశారు. వారం తిరక్కుండా ఆ వరుస చాలలేదు. మంత్రిగారికి మొలిచింది. సేనాపతికైతే రెండు మొలిచాయి. నిన్నమొన్ననే ఆ తలలన్నీ గొరిగిన కోటప్పకు, తలపాగాల కింద ఎత్తుగా ఉన్నవి ఏమిటో తెలియకపోలేదు.

పున్నమి రానే వచ్చింది. కోటప్ప తన కత్తుల పొది చంకన పెట్టుకుని సభకొచ్చాడు. చివరిగా చెప్పుకునేది ఏమైనా ఉందా అని రాజు అడిగారు.

"తప్పు ఒప్పుకుంటున్నాను ప్రభూ, అది మణే. అయితే ఒక్క మనవి. మన సీమలో నేలలో దొరికిన నిధి ఏలినవారిదే కదా?"

అది తాతలనాటి శాసనం. రాజు అవునన్నారు.

"మరి తలలో దొరికిన మణి ఎవరిది ప్రభూ?"

రాజుగారి చూపు మెల్లగా ముందు వరుస మీదికి వెళ్ళింది. అవీ తనవేనన్నారు.

ప్రభువుల తలలోది ఎలాగూ ప్రభువులదే గనక దాన్ని కదపనక్కర్లేదన్నాడు కోటప్ప. మిగిలినవాటిని మాత్రం తన చెయ్యి పోయేలోపే కోసి తీసి ఖజానాకు అప్పజెబుతానని, అక్కడే కూర్చుని కత్తి నూరడం మొదలుపెట్టాడు.

సేనాపతి తలపాగాలోంచి రెండు కుంకుడుకాయలు దొర్లిపడ్డాయి. మంత్రిగారు తన చింతగింజను గుట్టుచప్పుడు కాకుండా నోట్లో వేసుకుని మింగేశారు. చూస్తుండగానే ముందు వరుస ఖాళీ అయింది. శరభాచారి ఒక్కడే మిగిలాడు. పాపం, ఆయనది తీసి పారేసేది కాదు.

కోటప్ప ఆయన ముడి విప్పి, నీళ్ళు చల్లి, కత్తి ఆనించాడు. శరభాచారి గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు కోటప్పా, అది మణి కాదు, ఒట్టి కంతి. పుట్టినప్పట్నుంచీ ఉంది, మా అమ్మే చెప్పింది. దానివల్ల ఏ హానీ లేదు. కొయ్యకు నాయనా."

కోటప్ప కత్తి తుడిచి పొదిలో పెట్టుకుని, రాజుకు దండం పెట్టాడు.

"మొదటిరోజు నేను మనవి చేసుకున్నదీ ఇదే ప్రభూ. అప్పుడది మంగలి మాట. ఇప్పుడు వైద్యులవారి మాట."

రాజుగారు నెత్తి తడుముకున్నారు. ముందు సిగ్గుపడ్డారు, ఆ తర్వాత కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. రాజు నవ్వాక సభ నవ్వకుండా ఉంటుందా? చింతగింజ మింగిన మంత్రిగారు అందరికన్నా గట్టిగా నవ్వారు. శరభాచారి తల నున్నగా గొరిగించి, ఏడాదిపాటు అదే ముందు వరుసలో తలపాగా లేకుండా కూర్చోబెట్టమని ఆజ్ఞ అయింది. నరికించాలనుకున్న కోటప్ప కుడిచేతికి రాజుగారు తన బంగారు కడియం తీసి స్వయంగా తొడిగారు.