అడవిపంది తవ్విన ఊట

నల్లరాళ్ల అడవిలో జింకలు, కుందేళ్లు, కొండముచ్చులు, ఒక ముసలి ఏదుపంది, ఒక అడవిపంది ఉండేవి. ఏదుపందంటే తెలుసుగా, ఒళ్లంతా ముళ్లుండేది.

ఒక ఎండాకాలం వాగు ఎండిపోయింది, ఆ తర్వాత మళ్లీ పారనే లేదు. అడవిపంది కోరలతో రాళ్ల మధ్య లోతుగా తవ్వింది. చల్లటి నీళ్లు ఊరాయి. అబ్బో, ఇక దాని టెక్కు చూడాలి!

"నా నీళ్లు చూడండి, అడుగున గులకరాయి కూడా కనబడుతుంది. కొండ అవతలి కుంటలో బురద తాగే ఖర్మ మీకెందుకు?" అంది. జంతువులన్నీ ఆ ఊట దగ్గరికే రాసాగాయి.

రెండేళ్లు గడిచాయి. అన్నిటి పళ్ల మీదా గోధుమరంగు చారలు పడ్డాయి. నడుములు పట్టేశాయి. చంద్రి అనే జింకకైతే కంటి మీద కునుకు లేదు. దాని కూనకు కాళ్లు వంకర తిరుగుతున్నాయి. గెంతబోతే పడిపోతోంది. చిరుతపులి తిరిగే అడవిలో గెంతలేని జింకకు బతుకెక్కడిది? చంద్రి మేత ముట్టదు, ఒకచోట నిలవదు. ఒకటే తిరుగుడు.

చివరికి ఏదుపంది దగ్గరికి పరుగెత్తింది. ఏదుపందులకు రాలిన ఎముకలు కొరికే అలవాటుంది. అందుకే ఎముకల సంగతి దానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"తాతా, నా బిడ్డకేమైంది?"

"కుంట నీళ్లు తాగినవాటి ఎముకలు నున్నగా, గట్టిగా ఉంటాయమ్మా. ఈ ఊట తాగినవాటివి బుడిపెలు కట్టి, కొరికితే పెళుసుగా విరుగుతున్నాయి. ఆ లోతు రాళ్లలోని ఫ్లోరైడ్ అనే లవణం నీళ్లలో కరుగుతోంది. కాస్తయితే అది పళ్లకు మంచిదే. మోతాదు మించితే ఎముకల్ని పాడుచేస్తుంది."

అటుగా వచ్చిన అడవిపందికి ఆ మాట విని ఒళ్లు మండింది. "రంగు లేదు, వాసన లేదు. ఏదీ, చూపించు నీ ఫ్లోరైడ్!"

"బురద కంటికి కనబడుతుంది, కాసేపాగితే అడుక్కి దిగుతుంది. కనబడనిదానితోనే చిక్కు," అంది ఏదుపంది.

"పిరికి మాటలు! నేను రోజూ రెండింతలు తాగుతా. ఏమవుతుందో చూడండి!"

చంద్రి ఇక ఆగలేదు. కూనను మూతితో నెట్టుకుంటూ కొండెక్కింది. ఆకు కదిలితే చాలు, చిరుతేమోనని కూనకు అడ్డంగా నిలబడుతోంది. కూన పడింది, లేచింది, మళ్లీ పడింది. పొద్దువాలేసరికి రెండూ కుంట చేరాయి. వాటిని చూసి మెల్లగా మిగతావీ వచ్చాయి.

కూన కాళ్లు మళ్లీ తిన్నగా కాలేదు, పాపం. కానీ అంతకంటే వంగలేదు. మరుసటి ఏడు పుట్టిన కూన మాత్రం నెల తిరక్కుండానే పొదలు దాటేసింది.

అడవిపంది పంతం వదల్లేదు. తాగీ తాగీ ఒకనాటికి దాని మెడ, వెన్ను కొయ్యబారిపోయాయి. నీళ్లు కళ్లముందే తళతళలాడుతున్నాయి. తాను తవ్విన గోతిలోకి తానే తల వంచలేకపోయింది. నాలుక పిడచకట్టుకుపోయింది.

"కాసిని నీళ్లివ్వండర్రా!" అని అరిచింది. వినడానికి అక్కడ ఎవరూ లేరు.

నీతి: తేటగా ఉన్న నీళ్లన్నీ మంచినీళ్లు కావు, తెలిసినవాళ్లు పరీక్షించి చెప్పిన మాటను పంతానికి పోయి తోసెయ్యకూడదు.