ఒత్తిగిలి చూసిన లాప్‌టాప్

హరికథ చెప్పడానికి ఏ ఊరు వెళ్లినా మా గురువుగారు నరహరిదాసు గారికి ఒక అలవాటుంది. వెళ్లగానే వేదిక ఎక్కరు. జనం రాకముందే తిన్నగా పందిరి చివరికి వెళ్లి, గుంజ పక్కన, చంటిపిల్లల తల్లులు కూర్చునే చోట చతికిలబడతారు. అక్కణ్ణించి వేదిక కనబడుతోందా, మాట వినబడుతోందా అని చూసుకుంటారు. కనబడకపోతే గుంజ పీకించి పక్కన పాతించిన సందర్భాలున్నాయి. పందిరివాళ్లు లోపల్లోపల తిట్టుకునేవారు. ఆయన పక్కన మృదంగం వాయిస్తూనే నా జుట్టు నెరిసింది కాబట్టి ఆ తిట్లలో నా వాటా నాకూ ముట్టింది.

ఆయన శిష్యుల్లో పుండరీకం అని ఒకడున్నాడు. అమలాపురంలో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. గొంతు బంగారం. బుర్ర మాత్రం ఎప్పుడూ ఏదో ఒకదాని వెంట పరిగెడుతూ ఉంటుంది. ఆ మధ్య అది లాప్‌టాప్ వెంట పడింది.

దానికి కారణం లేకపోలేదు. వాళ్ల అత్తగారు కామాక్షమ్మ గారు బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. అప్పట్నించీ కూతురింట్లోనే, వెనక గదిలో, మంచం మీదే. టీవీ ఏమో ముందు హాల్లో ఉంది. సాయంత్రమైతే ఇంటిల్లిపాదీ అక్కడ చేరేవారు, ఆవిడ ఒక్కరూ ఇక్కడ గోడకేసి చూస్తూ ఉండేవారు. రానురాను మాట తగ్గిపోయింది. కంచంలో పెట్టిన అన్నం సగానికి సగం వెనక్కి వస్తోంది. పుండరీకం భార్య హైమవతికి అదే బెంగ. ఆ ఇరుకు గదిలో టీవీ బిగించే చోటు లేదు. లాప్‌టాప్ అయితే స్టూలు మీద పెట్టుకుని అందరం అమ్మ దగ్గరే కూర్చుని సినిమా చూడొచ్చు కదా అని ఆ పిల్లే అంది.

మంచి మాటే. అయితే లాప్‌టాప్ అన్న మాట చెవిన పడేసరికి పుండరీకానికి కార్ల పందేల ఆట గుర్తొచ్చింది. వాళ్ల కాలేజీలో ఎవరో ఆడుతుంటే చూసి వచ్చాడట, అప్పట్నించీ నిద్రలో కూడా స్టీరింగే. సినిమాలు అత్తయ్యగారికి, ఆటలు నాకూ మా లాస్యకీ అని పంపకాలు కూడా చేసేసుకున్నాడు. లాస్య వాళ్లమ్మాయి, ఏడో తరగతి.

ఒకరోజు పొద్దున్నే పాఠానికి వచ్చాడు. పద్యం సగంలో ఆపేసి, "గురువుగారండీ, ఒక వస్తువు మంచిదని మనకెలా తెలుస్తుందండీ?" అన్నాడు.

గురువుగారు చిడతలు కింద పెట్టారు. "ఏం వస్తువురా?"

ఇక చూసుకోండి. ప్రాసెసర్ అన్నాడు, ర్యామ్ అన్నాడు, గ్రాఫిక్స్ కార్డు అన్నాడు. సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో చెప్పాడు. ఫోనులో ఎవరో కుర్రాళ్లు చెప్పిన మాటలన్నీ అప్పజెప్పాడు. ఒకడు ఇది కొనమంటాడు, ఇంకొకడు ఇది కొంటే నీ అంత తెలివితక్కువవాడు లేడంటాడు. నాకు తల తిరిగిపోయింది. హరికథ మీద ఇంత శ్రద్ధ పెట్టి ఉంటే వీడీపాటికి మమ్మల్నందర్నీ మించిపోయేవాడు. గురువుగారు మాత్రం కొత్త కీర్తన వింటున్నట్టు చివరిదాకా విన్నారు.

అంతా అయ్యాక, "మీ అత్తగారు ఏ పక్కకి ఒత్తిగిలి పడుకుంటారు?" అని అడిగారు.

పుండరీకం ముందు కుడి అన్నాడు. కాదేమో అన్నాడు. చివరికి హైమవతికి ఫోను చేశాడు. అటునుంచి ఆ పిల్ల గొంతు మా అందరికీ వినబడింది. "ఎడమ పక్కకేనండీ. కుడి పక్కకి తిరగొద్దని డాక్టరుగారు మీ ఎదురుగానే చెప్పారు కదా!" పాపం, పుండరీకం చెవులు ఎర్రగా అయిపోయాయి.

"స్టూలు ఎక్కడ వేస్తావు?"

"మంచానికి కాళ్లవైపునండీ. ఇంకెక్కడా సందు లేదు. మేమంతా ఎదురుగోడకి ఆనుకుని కూర్చుంటామండీ."

"సరే పద, కొట్టుకి వెళదాం," అని గురువుగారు కండువా వేసుకున్నారు. ప్రశ్నకి జవాబు అదేనా అని పుండరీకం నావైపు చూశాడు. నన్నేం చూస్తావు, నాకేం తెలుసు?

మెయిన్ రోడ్డు మీద కొట్టు అది. వరసగా బల్లల మీద లాప్‌టాప్‌లు, అన్నిట్లోనూ అదే నెమలి పురి విప్పుతోంది, అదే జలపాతం దూకుతోంది. ఏది చూసినా కళ్లు చెదిరిపోతున్నాయి. పుండరీకం తిన్నగా వెళ్లి నల్లగా, బండగా ఉన్నదాని ముందు నిలబడ్డాడు. అక్షరాల కింద ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి. కొట్టాయన దాని గొప్పలన్నీ చెబుతుంటే పెళ్లిపందిట్లో పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ విన్నాడు.

గురువుగారు కొట్టంతా కలయజూసి, గోడవారన ఉన్న సోఫా దగ్గరికి వెళ్లారు. చెప్పులు విడిచారు. కండువా మడిచి తలకింద పెట్టుకుని, ఎడమ పక్కకి ఒత్తిగిలి హాయిగా పడుకున్నారు.

కొట్టాయన హడలిపోయాడు. "అయ్యో, పెద్దాయనకి ఏమైందండీ! మంచినీళ్లు తెండి, మంచినీళ్లు!"

"ఏమీ కాలేదు నాయనా, సినిమా చూడ్డానికొచ్చాను," అన్నారు గురువుగారు పడుకునే. "ఆ నెమలిని తీసేసి ఏదైనా సినిమా పెట్టు. అందులో ఒక చీకటి సీను, ఒక మాటల సీను ఉండాలి. పెట్టి, నా కాళ్లవైపు ఆ స్టూలు మీద పెట్టు."

కొట్టాయన ఆయన వయసుని చూసి మర్యాదగా ఎర్ర లైట్లదాన్నే తెచ్చి పెట్టాడు. సినిమా మొదలైంది. గురువుగారు కాసేపు చూశారు.

"హీరో ముఖానికి మసి ఎందుకు పూశారు?"

"మసి కాదండీ, మీరు పక్కనించి చూస్తున్నారు కదా, అందుకని నల్లగా కనబడుతుందండీ. ఎదురుగా కూర్చుంటే అద్భుతంగా ఉంటుంది."

"ఎదురుగా కూర్చునే యోగం లేదయ్యా. ఆ రొద ఏమిటి, లోపల పిండిమర ఆడుతోందా?"

"ఫ్యానండీ. పెద్ద పెద్ద ఆటలు ఆడుతుంది కదండీ, వేడెక్కకుండా."

తర్వాత ఇంకోటి తెచ్చాడు. అద్దంలా తళతళలాడుతోంది. అద్దంలా అనడం ఎందుకు, అద్దమే. గురువుగారు మెడ చాచి చూసి, "ఇందులో మీ ట్యూబులైట్లూ, నా పంచే చక్కగా కనబడుతున్నాయి. సినిమా ఏది?" అన్నారు. అప్పటికి కొట్టులో బేరానికొచ్చినవాళ్లంతా మా చుట్టూ మూగారు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

మూడోది ఏ సొగసూ లేని బూడిదరంగుది. అద్దం మెరుపు లేదు. దాన్ని పెట్టాక గురువుగారు వంక పెట్టలేదు. సినిమాలో ముసలమ్మ ఏదో అంటే నవ్వారు. చీకటి సీను వచ్చింది, అయినా చూస్తూనే ఉన్నారు. "మాట తెలుస్తోంది," అన్నారు కాసేపటికి.

కొట్టాయన తల గోక్కున్నాడు. మంచివాడు, దాచలేదు. "స్క్రీను బావుంటుందండీ, ఎటునించి చూసినా ఒకేలా ఉంటుంది. కానీ వీరు అడిగిన కార్ల పందేలూ అవీ దీనివల్ల కాదండీ. చిన్నచిన్న ఆటలైతే ఆడుతుంది."

పుండరీకం ముఖం వాడిపోయింది. ఎర్ర లైట్ల మీద వేళ్లు పెట్టి అలాగే నిలబడ్డాడు. గురువుగారు ఏదో ఒకటి చెబుతారని చూశాడు. ఆయనేమో కళ్లు మూసుకుని సోఫా చల్లదనం అనుభవిస్తున్నారు. ఒక్క మాట అంటే పోదా అని నాకే జాలేసింది.

చివరికి పుండరీకమే వచ్చాడు. "గురువుగారండీ, ఒక్కసారి లేస్తారా?" అన్నాడు. ఆయన లేచారు. వీడు ఆ సోఫా మీద, అంత జనం మధ్య, ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకున్నాడు. ముందు ఎర్ర లైట్లదాన్నే పెట్టమన్నాడు. చాలాసేపు చూశాడు. తల ఎత్తబోయి, ఎత్తకూడదని గుర్తొచ్చినట్టు మళ్లీ దించేశాడు. ఆ తర్వాత బూడిదరంగుదాన్ని పెట్టమన్నాడు.

లేచి చొక్కా సర్దుకున్నాడు. "ఇదే ఇవ్వండి," అన్నాడు. గొంతులో దిగులు ఉంది, లేదని చెప్పను. కానీ మళ్లీ ఆ ఎర్ర లైట్లవైపు తిరిగి చూడలేదు.

ఆ ఆదివారం సాయంత్రం మమ్మల్ని పెసరట్టు ఉప్మాకి పిలిచారు. వెళ్లేసరికి వెనకగది సందడిగా ఉంది. స్టూలు మీద లాప్‌టాప్. తండ్రీ కూతుళ్లు రంగుబంతులు పేల్చే ఏదో చిన్న ఆట ఆడుతూ పోట్లాడుకుంటున్నారు. "నాన్నా, తొండి! నువ్వు ముందే నొక్కేశావు!" అని లాస్య అరుస్తోంది. "నేనా? నేనా?" అని వీడు అంతకంటే గట్టిగా అరుస్తున్నాడు. కార్ల పందేల కోసం కలవరించిన మనిషి వీడేనా అనిపించింది.

ఆట అయ్యాక సినిమా పెట్టారు. పాత హాస్యం సినిమా, కామాక్షమ్మ గారికి ఇష్టమని హైమవతి ఏరి పెట్టింది. మేమంతా ఎదురుగోడకి ఆనుకుని మోకాళ్లు మోకాళ్లు తగిలేలా ఇరుక్కున్నాం. నా మోకాళ్ల సంగతి ఎవరూ అడగలేదు. లైటు తీసేశారు. అందరి ముఖాల మీదా ఆ బొమ్మల వెలుగు పడుతోంది. హైమవతి మంచం పక్కన కూర్చుని తల్లికి అన్నం ముద్దలు కలిపి పెడుతోంది. సినిమాలో అల్లుడు గోడ దూకబోయి బురదగుంటలో పడ్డాడు. లాస్య పడీపడీ నవ్వింది. పుండరీకం నవ్వలేక కడుపు పట్టుకున్నాడు. మా గురువుగారు, ఇంతమందిని నవ్వించినాయన, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

అంతలో మంచం మీంచి సన్నగా, "ఇంకాస్త పెట్టవే," అని వినబడింది. హైమవతి చెయ్యి ఆగిపోయింది. ఖాళీ కంచంకేసి చూసి, గబగబా వంటింట్లోకి పరిగెత్తింది. కళ్లు తుడుచుకోవడానికి వెళ్లిందో అన్నానికి వెళ్లిందో మరి, రెండూ చేసుకునే వచ్చింది.

పుండరీకం సంతోషంగా అత్తగారివైపు చూశాడు. చూసి, ముఖం చిన్నబుచ్చుకున్నాడు. గురువుగారి చెవి దగ్గరికి వంగి గుసగుసలాడాడు.

"గురువుగారండీ, మోసపోయామండీ. అత్తయ్యగారు అసలు బొమ్మకేసి చూడ్డమే లేదండీ. ఇందాకట్నించీ మాకేసే చూస్తున్నారు. అక్కణ్ణించి కనబడట్లేదేమోనండీ!"

గురువుగారు మంచంవైపు ఒకసారి చూశారు. మళ్లీ సినిమావైపు తిరిగారు.

"ఆవిడకి బాగానే కనబడుతోందిరా," అన్నారు. "నువ్వు అటు తిరిగి సినిమా చూడు."