ఫాంగ్ అవ్వకి పడని మాడు

ఇందాక అన్నం అడుగంటిందని మూతి ముడిచావు కదూ, ఇలా దగ్గరికి జరుగు. ఆ అడుగున కట్టిన మాడు కోసం ఒక ముసలమ్మ ఎంత ఏడ్చిందో చెబుతాను.

అనగనగా చైనా దేశంలో, నది పక్కన ఒక ఊళ్ళో ఫాంగ్ అవ్వ ఉండేది. మట్టికుండలో అన్నం పెట్టి, అది ఉడుకుతుండగానే పైన ఎండు మాంసం ముక్కలు పేర్చేది. అడుగున బంగారు రంగు మాడు కట్టేది. ఆ మాడంతా గీకి ముగ్గురు కూతుళ్ళకీ పంచేది. మరి నీకేదమ్మా అంటే, నాకు పడదే అనేది.

ఆ తర్వాత కూతుళ్ళు పెళ్ళిళ్ళై, పెద్దది మలేషియాకీ, రెండోది హాంకాంగ్‌కీ, ఇలా తలో చోటికీ వెళ్ళారు. ఒకరోజు అవ్వ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. వండుకోలేదు, పక్కింటివాళ్ళు తెచ్చిపెడితే ముట్టదు. నా అన్నమైతేనే తింటానని కూచుంది. మొండిఘటం, అచ్చం నీలాగే. నాలుగు రోజుల్లో చిక్కి సగమైంది. పాపం, కూతుళ్ళు హడలిపోయి పరుగెత్తుకొచ్చారు.

అప్పుడు పెద్దది వండింది. మలేషియాలో తనకి అలవాటైనట్టు ఉప్పుచేప వేసింది. అవ్వ ఒక ముద్ద తిని, ఇది నా అన్నం కాదంది.

మర్నాడు రెండోది వండింది. హాంకాంగ్‌లో లాగా కైమా పరిచి, పైన గుడ్డు కొట్టింది. అవ్వ అదీ పక్కకి నెట్టింది. రెండు రోజులూ మాడు మాత్రం అక్కచెల్లెళ్ళే పంచుకు తిన్నారు. అమ్మకి పడదు కదా మరి.

మూడోరోజు చిన్నది, లాన్, కరెంటు కుక్కర్ బయటికి తీసింది. అది చూసి అవ్వ మొహం అటు తిప్పేసుకుంది. లాన్ అందులోనే అన్నం పెట్టింది. అన్నం అయ్యాక బటన్ ఇంకోసారి నొక్కి, అడుగు మాడేదాకా ఆగింది. ఆ తర్వాత ఆ మాడు గీకి గిన్నెలో వేసి, వేడి చారు పోసి అమ్మ ముందు పెట్టింది.

"చిన్నప్పుడు చూశానమ్మా. మేం తినేశాక నువ్వు ఖాళీ కుండకి అంటుకున్న మాడు మీద చారు పోసుకుని తాగేదానివి. నీకు పడకపోవడమేంటి?"

అవ్వ గిన్నె దగ్గరికి లాక్కుంది. బోసినోటితో మెల్లిగా నమిలింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. గిన్నె ఖాళీ చేశాక అప్పుడు నోరు విప్పింది.

"మీ ముగ్గురికీ చాలదనే అలా అన్నానే."

పెద్దది బావురుమంది. అవ్వ దాని తల నిమిరి, రేపు ఆ ఉప్పుచేప అన్నమే మళ్ళీ వండమంది. చేపైనా గుడ్డైనా మీ ఇష్టం, మాడు మాత్రం నాకివ్వాలంది.

ఏంటి, నాకూ మాడు ఇష్టమేనా అంటావా? పళ్ళు లేనిదాన్ని, నాకెందుకురా... సరేలే, రేపు కాస్త చారు పోసి పెట్టు.

కథ కంచికి, మాడు నా నోటికి, నిద్దర నీ కంటికి, ఇక మనం ఇంటికి.