నిప్పు లేని కుంపటి

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఏనుగు రాజు. ఒళ్ళు చూస్తే కొండంత, కానీ కొత్తదేదన్నా కనపడితే చాలు, ఆయనకు గుండె దడ. ఆ భయం ఊరికే రాలేదు పిల్లలూ. ఒకసారి ఒక కొంగ ఎక్కడినుంచో ఊదారంగు పూల మొక్క తెచ్చి అడవి మడుగులో వేసింది. ఎంత బాగుందో అని అందరూ మురిసిపోయారు. అది గుర్రపుడెక్క. చూస్తుండగానే మడుగంతా కమ్మేసింది. కింద చేపలు ఊపిరాడక చచ్చిపోయాయి. అప్పుడు రాజు ఒక కట్టడి పెట్టాడు. ఇకమీదట అడవిలో కొత్తది ఏది మొదలైనా ముందు ఉడుమత్త చూడాలి. ఆమె సరేనంటేనే సరే.

ఉడుమత్తే ఎందుకంటారా? ఉడుంపట్టు అనే మాట వినలేదూ? పట్టుకుంటే వదలదు. లంచానికి లొంగదు, పొగిడితే పొంగదు. ఆమె దగ్గర మూడే మాటలుండేవి. మంచిదైతే "కానీ" అనేది. చెడ్డదైతే "వద్దు" అనేది. ఏదీ తేలకపోతే "ఆగు" అనేది.

ఆ ఏడు చలి ముందే దిగింది. పొద్దెక్కినా మంచు విడవడం లేదు. అప్పుడు ముళ్ళయ్య అనే ముళ్ళపంది ఒక వింత కనిపెట్టాడు. వాగు అవతల పాడుపడ్డ గుహలో గొయ్యి తవ్వి, తడి ఆకులూ పేడా కలిపి తొక్కాడు. కొన్నాళ్ళకు ఆ గొయ్యి దానంతటదే వేడెక్కింది. నిప్పు లేదు, పొగ లేదు, పక్కన కూర్చుంటే ఒళ్ళంతా వెచ్చన.

ముళ్ళయ్య ఉడుమత్తను తీసుకెళ్ళి చూపించాడు. "ఇందులో కంటికి కనపడని ప్రాణులున్నాయి అత్తా. ఆకుల్ని తింటాయి, వేడిని వదులుతాయి. ఇందులోంచి ఒక ముద్ద తీసి కొత్త గొయ్యిలో కలిపితే, పాలకు తోడు వేసినట్టే, అదీ త్వరగా వేడెక్కుతుంది. ఇంటింటికీ ఒకటి పెట్టుకోవచ్చు."

ఉడుమత్త గొయ్యి మీద మూతి పెట్టింది. ఆమెది చల్లని రక్తం. ఆ వెచ్చదనం ఎముకల్లోకి దిగుతుంటే అక్కడే ఉండిపోవాలనిపించింది. తనకు ఇంత నచ్చిందంటే తన తీర్పును తానే నమ్మకూడదు అనుకుంది. "ఆగు. నేను చూసి చెప్తాను" అంది.

ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఏం చేసిందో తెలుసా? ఇంటికెళ్ళి పడుకుంది. ఉడుములు చలికాలమంతా కలుగులో నిద్రపోతాయి కదా, ఏటా పడుకున్నట్టే పడుకుంది. చలికి పనికొచ్చే వస్తువును చలి పోయాక తీరిగ్గా చూద్దామనుకుంది. నవ్వకండి, నిజంగానే అనుకుంది.

ముళ్ళయ్య కలుగు దగ్గరికి వచ్చి మర్యాదగా పిలిచాడు. గురక వినిపించింది. మళ్ళీ వచ్చి గట్టిగా అరిచాడు. గురకే వినిపించింది. మూడోసారి వచ్చి ముళ్ళన్నీ గలగలలాడించాడు. అత్త అటు తిరిగి పడుకుంది. రాజు దగ్గరికి వెళ్తే, అత్త మాటే నా మాట అని ఆయన చేతులు దులుపుకున్నాడు.

ఒక పొద్దున ఎవరో కలుగు తవ్వుతున్నట్టయి ఉడుమత్తకు మెలకువ వచ్చింది. చూస్తే చుక్కమ్మ అనే దుప్పి. ఆ చలికాలమే ఈనింది, ఇద్దరు పిల్లలు. ముందుకాళ్ళ నిండా మట్టితో నిలబడి ఉంది. పెద్ద పిల్ల రాత్రి చలికి బిగుసుకుపోయిందనీ, ఇక లేవలేదనీ చెప్పింది. చిన్నది వణుకుతోందట.

"అత్తా, నువ్వు ఆగమన్నావు. మేం ఆగాం. చలి ఆగలేదు" అంది. అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

 ఉడుమత్త సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. ఆ చలిలో ఉడుము బయటికి రావడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అయినా వచ్చింది. కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోతుంటే ఈడ్చుకుంటూ వాగు దాటి పాడు గుహ చేరింది. చలిగాలి రాకుండా గుహ మూతికి ఎండాకులు కూరి, గొయ్యి పక్కన పడుకుంది.

హాయిగా ఉంది. ఒళ్ళు సడలింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. అంతలో గొయ్యి గట్టున ఒక కప్ప కనిపించింది, వెల్లకిలా పడి ఉంది. కదిలిస్తే కదల్లేదు.  లేవబోతే తల గిర్రున తిరిగింది. గోడను పట్టుకుని ఎలాగో పైకి పాకింది. పైన, కప్పు దగ్గర, తల తేలికైంది. కిందికి దిగింది, మళ్ళీ బరువెక్కింది. పైకెక్కింది, తేలికైంది. ఉడుము కదా, తేలేదాకా వదలదు. ఇంకోసారి దిగి చూసింది.

అప్పుడు అర్థమైంది. ఆ గొయ్యి వేడినే కాదు, చెడుగాలినీ వదులుతోంది. దానికి వాసన లేదు, రంగు లేదు. మూసిన గుహలో నీళ్ళలా నేలమీద నిండుతుంది. నిలబడ్డవాళ్ళకు తెలియదు. పడుకున్న పసివాళ్ళకు ముందు తగులుతుంది.

ఆకులు తోసుకుని బయటపడుతూ గొయ్యి అంచు చూసింది. ఎవరో పెద్ద పెద్ద వేడి ముద్దలు తీసుకెళ్ళిన గుర్తు. పక్కనే ఒక ముల్లు పడి ఉంది. దారి పొడుగునా పేడ చుక్కలు. అవి నేరుగా చుక్కమ్మ గుహ వైపే వెళ్తున్నాయి.

ముళ్ళయ్య ఆగలేక తోడు పట్టుకెళ్ళాడు.

ఉడుమత్త వాగులో దూకింది. నడి నీళ్ళలో కాళ్ళు చచ్చుబడ్డాయి. ఒక రాయిని కరుచుకుని, ఊపిరి తీసుకుని, మళ్ళీ కదిలింది. అవతలి గట్టెక్కి పొట్ట రాసుకుపోతున్నా పాకింది.

చుక్కమ్మ గుహ మూతికి ఎండుగడ్డి దట్టంగా కూరి ఉంది. గుహ బయట చుక్కమ్మా ముళ్ళయ్యా నిలబడి ఉన్నారు. చుక్కమ్మ ముఖం తేటగా ఉంది. "మెల్లగా అత్తా. లోపల వెచ్చగా ఉంది. నా పిల్ల ఇన్నాళ్ళకు కదలకుండా పడుకుంది" అంది.

 ఉడుమత్త గోళ్ళతో గడ్డి పీకేసింది. ఊపిరి బిగబట్టి లోపలికి దూరింది. పిల్ల మెడ వేలాడేసి పడి ఉంది. దాని కాలిని నాలుగు కాళ్ళతోనూ పట్టుకుంది. లాగే సత్తువ లేదు. తోక మాత్రం బయటికి జాపింది. అప్పటికి చుక్కమ్మకు అర్థమైంది. ఆ తోకను నోట కరుచుకుని లాగింది. ముళ్ళయ్య చుక్కమ్మ వెనక్కి చేరితే ముళ్ళు గుచ్చుకుంటాయి కాబట్టి పాపం ఏడుస్తూ మిగిలిన గడ్డి పీకుతున్నాడు. ఉడుము పట్టు వదల్లేదు, తల్లి తోక వదల్లేదు. అత్తా పిల్లా ఇద్దరూ బయటపడ్డారు.

చలిగాలి తగిలింది. తల్లి నాకింది, నాకింది. పిల్లలో చలనం లేదు. ఇంకా నాకింది. చాలాసేపటికి పిల్ల తుమ్మింది.

ఈ కబురు విని రాజు పరుగున వచ్చాడు. మళ్ళీ గుర్రపుడెక్కే అన్నాడు. గోతులన్నీ పూడ్చేయాలనీ, ముళ్ళయ్యను అడవినుంచి తరిమేయాలనీ ఆజ్ఞ ఇవ్వబోయాడు. అందరూ తలలూపారు. ముళ్ళయ్య తల దించుకున్నాడు. అప్పుడు ఉడుమత్త, లేవలేక పడుకునే ఉండి, రాజు కాలు పట్టుకుంది.

"రాజా, వద్దంటే నీకూ నాకూ తేలికే. కానీ పెద్ద పిల్లను చంపింది గొయ్యి కాదు, చలి. ఆగమని చెప్పి పడుకున్న నేనూ. ముళ్ళయ్యది తొందరే, తప్పంతా నాది."

"మరి ఇంకో పిల్ల పోతే?" అన్నాడు రాజు.

"గొయ్యి గుహ లోపల వద్దు. బయట, బండను ఆనుకుని ఉండాలి. వేడి బండలోంచి లోపలికి వస్తుంది, చెడుగాలి బయటే పోతుంది. గుహ మూతి మూయకూడదు. మొదటి గొయ్యి పెట్టిన గుహలో, నేలమీద నేను పడుకుంటాను. నేను సరేనన్నాకే పిల్లలు పడుకుంటారు."

ఆమె కాలు వదిలితేగా రాజు కదలడానికి. చివరికి సరేనన్నాడు. ముళ్ళయ్య ఆ పూటే బండ వెనక కొత్త గొయ్యి తవ్వి తోడు వేశాడు. ఉడుమత్త ఆ గుహ నేలమీద పడుకుని, కళ్ళు మూయకుండా, బండ వెచ్చబడేదాకా చూసింది. ఆ తర్వాత కూడా చూసింది. తల తేలికగానే ఉంది. అప్పుడు "కానీ" అంది.

చుక్కమ్మ పిల్లను తెచ్చి అత్త పక్కనే పడుకోబెట్టింది. కాసేపు దాన్నే చూస్తూ, "ఈ పని ముందే చేసుంటే నా పెద్దది కూడా ఇక్కడే ఉండేది" అంది. ఉడుమత్త పిల్ల చుట్టూ తోక చుట్టింది.

ఆ చలి గడిచింది. తర్వాత ఎన్ని చలికాలాలు వచ్చినా ఉడుమత్త కలుగులో పడుకోలేదు, ఆ వెచ్చని బండ పక్కనే మేలుకుని ఉండేది. కొత్తది పట్టుకుని ఎవరొచ్చినా ఇప్పటికీ ఆగమనే అంటుంది. కాకపోతే ఇప్పుడు ఆ మాట వెనక ఇంకో మాట ఉంటుంది.

"ఆగు. నేనూ తోడొస్తాను."

నీతి: కొత్తదాన్ని చూసి ఆగమనడం తప్పు కాదు, ఆగమని చెప్పి నిద్రపోవడం తప్పు.