పగడపు మామ్మ అడగమన్న మాట

అనగనగా ఒక గాజు తొట్టిలో ఓ చిన్న సముద్రం ఉండేది. అడవి కథ కావాలా? అడవికి రేపు వెళ్దాం. ఇవాళ నీళ్ళలోకి రండి.

ఆ తొట్టి వరహాలమ్మగారి ముందు గదిలో ఉండేది. ఉప్పునీళ్ళు, తెల్లని ఇసుక, మధ్యలో ఒక రాయి. ఆ రాయి మీద పగడపు మామ్మ కాపురం. మామ్మకు కళ్ళు లేవు, కాళ్ళు లేవు. ఒళ్ళంతా మెత్తని మొగ్గలే. రోజూ పొద్దున్నే వరహాలమ్మగారు దేవుడికి దీపం పెట్టి, తర్వాత తొట్టిలో లైటు వేసేవారు. ఆ వెలుగు తగలగానే మామ్మ మొగ్గలన్నీ విప్పేది. చూస్తే వెయ్యి చేతులెత్తి దణ్ణం పెట్టినట్టుండేది!

ఆ చేతుల మధ్యే పడుకునేవాడు బంతి. నారింజ రంగు, తెల్ల చారలు, బొటనవేలంత చేప. పసివాడప్పుడు ఈ తొట్టిలోకి వచ్చి వణుకుతూ మూలన నక్కితే, మామ్మే పిలిచి తన ఒళ్ళో చోటిచ్చింది.

"మామ్మా, నాకు ఆడుకోడానికి ఎవరూ లేరు," అని రోజూ గొణిగేవాడు బంతి. ఒంటరిగా తిరిగే వాణ్ణి చూసి వరహాలమ్మగారికీ జాలేసింది. ఒకనాడు కొట్టునుంచి మూడు చేపల్ని మూడు కవర్లలో తెచ్చారు. కొత్త చేపను ఒక్కసారిగా వదలకూడదు కదా! నీళ్ళ వేడి అలవాటు కావాలని కవర్లను అలాగే తొట్టిలో తేలేలా ఉంచారు.

"స్వామీ, నాకేం తెలుసు? బంతి ఏ కవరు దగ్గర ఆగితే ఆ చేపే మా ఇంటిది. మిగతా రెండూ తిరిగి ఇచ్చేస్తాను," అని దణ్ణం పెట్టుకున్నారు. భారం దేవుడి మీద వేశాననుకున్నారు పాపం. వేసింది బంతి మీద.

మామ్మ బంతిని దగ్గరికి పిలిచింది. "నాయనా, నేను చూడలేను, పారిపోలేను. వచ్చేవాడు ఎలాంటివాడో నువ్వే కనుక్కోవాలి. అందం అడక్కు, ఊరు అడక్కు. ఏం తింటావు అని ఒక్క మాట అడుగు. జవాబు నాకొచ్చి చెప్పు."

"అంతేగా మామ్మా!" అని తుర్రుమన్నాడు బంతి.

మొదటి కవర్లో ఇసుక రంగు చేప. "ఏం తింటావు?"

"ఇసుక నములుతాను బాబూ. అందులో దొరికిన నలుసు మింగి, ఇసుక ఉమ్మేస్తాను."

"ఛీ ఛీ! తిన్నచోటే ఉమ్ముతావా? నీతో నేను ఆడను."

రెండో కవర్లో నీలం చేప. "నేను గాజుకు పట్టిన పాచి తింటానండీ," అంది వినయంగా.

"పాచి తినేవాడితో స్నేహమా? మా ఇంటి పరువేం కాను!"

మూడో కవరు దగ్గర బంతి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. సీతాకోక చేప! ఒళ్ళంతా పసుపు పూసినట్టుంది. మూతి సన్నగా, పొడుగ్గా ఉంది. కవర్లోనే ఒక చుట్టు తిరిగి చూపించింది.

"అన్నా, నువ్వేం తింటావు?"

"పగడాల మొగ్గలు తమ్ముడూ. నేను దాచను," అంది సీతాకోక చేప.

మామ్మ ఒంటి నిండా ఉన్నవి అవే! అయినా బంతి కళ్ళు దాని మీంచి మళ్ళలేదు. "మా ఇంట్లో రోజూ పైనుంచి మేత పడుతుందన్నా. బోలెడు. అది తినొచ్చుగా?"

"ప్రయత్నిస్తాలే."

ఆ మాట చాలనుకున్నాడు బంతి. ఆ కవరు దగ్గరే ఆగాడు.

"ఏమన్నాడు నాయనా? ఏం తింటాడట?" అని అడిగింది మామ్మ.

"నాలాగే మామ్మా. పైనుంచి పడే మేతే," అన్నాడు బంతి.

"స్వామి దయ," అని మామ్మ మొగ్గలన్నీ విప్పుకుని కూర్చుంది.

వరహాలమ్మగారు సీతాకోక చేపను తొట్టిలోకి వదిలి, మిగతా రెండూ తిరిగి ఇచ్చేశారు. మర్నాడు ఇద్దరూ రాయి చుట్టూ దాగుడుమూతలాడారు. ఎంత సంబరమో! ఆ సాయంత్రం మామ్మ, "ఇక్కడేదో చురుక్కుమంది రా," అంది. "ఇసుక గుచ్చుకుందేమో మామ్మా," అన్నాడు బంతి. తర్వాత రోజు మామ్మ ఒక పక్క మొగ్గలు విప్పలేదు. బంతి సీతాకోక చేప మీదికి పరుగెత్తాడు.

"మేత తింటానన్నావుగా!"

"తిన్నాను తమ్ముడూ. గొంతు దిగలేదు, బయటికొచ్చేసింది. ఈ మూతి చూడు, దేవుడు దీన్ని చేసిందే మొగ్గ గిల్లడానికి. నేను ముందే చెప్పాను కదా?" సీతాకోక చేప కళ్ళలోనూ దిగులే. అబద్ధమాడింది అది కాదు కదా!

బంతి తిరిగొచ్చి మామ్మ పక్కన నిలబడ్డాడు.

"బంతీ, ఆ అబ్బాయి ఏం తింటానన్నాడో మళ్ళీ ఒకసారి చెప్పరా."

బంతి రాయి వెనక్కి జరిగి తల దాచుకున్నాడు.

"చెబితే నేను తిట్టేదాన్నా పిచ్చినాయనా? ఇంకెవరినైనా చూసుకుందాం అనేదాన్ని, అంతేగా." మామ్మ ఇంకా మిగిలిన మొగ్గలు విప్పింది. "రా, పడుకో. చలిగా ఉంటుంది."

తెల్లారి వరహాలమ్మగారు చూసి గుండె బాదుకున్నారు. వలతో సీతాకోక చేపను పట్టి కొట్టుకు పంపించేశారు. కానీ అప్పటికే మామ్మ ఒళ్ళంతా సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది. దేవుడికి దీపం వెలిగింది. తొట్టిలో లైటు వెలిగింది. దణ్ణం పెట్టే చేతులు మాత్రం పైకి లేవలేదు.

కొన్నాళ్ళకు మళ్ళీ ఒక కవరు తేలింది. ఆ ఇసుక రంగు చేపే.

"బాబూ, ఇప్పుడైనా నన్ను రానిస్తావా?"

బంతి తల వంచుకుని అడిగాడు. "ఏం తింటావు?"

"మొన్న చెప్పాగా, ఇసుక నములుతాను. ఎవరికీ హాని లేదు."

బంతి గబగబా రాయి దగ్గరికి ఈదుకుంటూ వెళ్ళాడు. "మామ్మా, ఇసుకేనట! ఈసారి నిజమే చెబుతున్నా మామ్మా!"

తెల్లని రాయి పలకలేదు. బంతి దాని పక్కకు చేరి, మళ్ళీ మెల్లగా చెప్పాడు.

నీతి: మన కళ్ళను నమ్ముకుని బతికేవారికి చూసింది చూసినట్టు చెప్పాలి, మనసుపడ్డామని నిజం దాస్తే, నష్టపోయేది పారిపోలేనివారే.